బోర్డు మీద కాగితం ఉంటే సరిపోతుందా? సభల నోటీసులపై పాఠకుల ప్రశ్నలు

గ్రామసభలు, పాలకవర్గ సమావేశాలు, ప్రజాభిప్రాయ సేకరణల నోటీసుల గురించి వచ్చిన ఉత్తరాల్లోంచి కొన్నిటిని ఈ సంచికకు తీసుకున్నాం. ప్రశ్నలు వేర్వేరుగా ఉన్నా బాధ ఒక్కటే: సభ జరిగిందని రికార్డు చెబుతోంది, జరుగుతుందని ఊరికి తెలియలేదు.

ప్రశ్న: మా ఊళ్ళో గ్రామసభ జరిగి లబ్ధిదారుల జాబితా ఖరారైందని తర్వాత తెలిసింది. అడిగితే "పంచాయతీ ఆఫీసు బోర్డు మీద నోటీసు పెట్టాం, చూసుకోకపోతే మేమేం చేస్తాం" అంటున్నారు. అది చెల్లుతుందా?
ఒక పాఠకురాలు, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: ముందు ఒక సంగతి గట్టిగా పట్టుకోండి. గ్రామసభకు మీరు చూడటానికి వెళ్ళే మనిషి కాదు, అందులో సభ్యురాలు. రాజ్యాంగం 243వ అధికరణం ప్రకారం పంచాయతీ పరిధిలో ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతి ఒక్కరూ గ్రామసభ సభ్యులే. ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం 1994, తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం 2018 రెండూ ఆరో సెక్షన్‌లో ఈ మాటే చెబుతాయి. పథకాల ఎంపిక, లబ్ధిదారుల ఎంపిక, పనులు ఎక్కడ చేయాలన్నది సభ ముందు పెట్టాల్సిన అంశాలు. సభ్యులకు కబురు అందకుండా సభ జరిగిందంటే అది చిన్న లోపం కాదు.

ఆఫీసు తలుపు తీస్తే తప్ప కనపడని బోర్డు మీద కాగితం అంటించి ఊరుకుంటే ప్రచారం చేసినట్టు కాదు. ఊరంతా చాటింపు వేయించాలి. డప్పుతో దండోరా వేయించినా, ఆటోకు మైకు కట్టి తిప్పినా, అది ప్రతి వాడకూ, శివారు కాలనీలకూ, తండాలకూ చేరాలి. ఎక్కువచోట్ల తప్పు జరిగేది ఇక్కడే. ప్రధాన వీధిలో ఒక చుట్టు తిరిగి వచ్చేస్తారు. లేదా పొద్దున పదింటికి, కూలికి వెళ్ళేవాళ్ళంతా ఊరు దాటాక వేస్తారు. చాటింపు వినపడాలంటే ముందు రోజు సాయంత్రం ఒకసారి, సభ రోజు తెల్లవారుజామున ఒకసారి వేయాలి.

"పెట్టాం" అన్న మాటతో మీరు వాదించకండి, కాగితాలు అడగండి. సమాచార హక్కు చట్టం కింద పంచాయతీ కార్యదర్శికి దరఖాస్తు రాసి ఇవి కోరండి: సభ నోటీసు నకలు, ఆ నోటీసు ఏ తేదీన ఏ నంబరుతో నమోదైందో చూపే డిస్పాచ్ రిజిస్టర్ పేజీ, చాటింపు వేసిన మనిషికి కూలి గానీ మైకు ఆటోకు కిరాయి గానీ ఇచ్చిన వోచరు, హాజరు సంతకాల పట్టీ, మినిట్స్ పుస్తకంలో (సభలో జరిగినదంతా రాసే పుస్తకం) ఆ సభ తాలూకు పేజీలు, సభ ఫొటోలు. వీటిలో డిస్పాచ్ రిజిస్టర్‌ది పెద్ద సాక్ష్యం. నోటీసు మీద వెనకటి తేదీ వేయడం తేలిక, రిజిస్టర్‌లో వరుస నంబర్ల మధ్య దాన్ని ఇరికించడం కష్టం. పక్క ఎంట్రీలు కూడా కనపడేలా పూర్తి పేజీ నకలు అడగండి. చాటింపు వోచరు లేదంటే, పంచాయతీ సిబ్బందే వేశారని జవాబు రావచ్చు. అప్పుడు ఎవరు, ఏ రోజు, ఏ వీధుల్లో వేశారో రాతలో ఇమ్మనండి.

హాజరు పట్టీ చేతికొచ్చాక ఓటర్ల జాబితా పక్కన పెట్టుకుని చూడండి. చనిపోయినవాళ్ళ పేర్లు, వలస వెళ్ళినవాళ్ళ పేర్లు, ఒకే చేతి రాతలో పది సంతకాలు కనపడితే ఫిర్యాదుకు అంతకన్నా బలమైన ఆధారం ఉండదు. కోరం, అంటే సభ చెల్లడానికి ఉండాల్సిన కనీస హాజరు, లెక్క కూడా అప్పుడే తేలుతుంది. తెలంగాణలో ఓటర్ల సంఖ్యను బట్టి కోరం మారుతుంది. అక్కడ కనీసం రెండు నెలలకు ఒకసారి గ్రామసభ జరగాలి కాబట్టి ఒక్క సభతో ఆగకుండా ఏడాది మొత్తానికి ఆరు సభల రికార్డూ కలిపి అడగడం మంచిది.

ఫిర్యాదు ఎంపీడీవోకు, నకలు జిల్లా పంచాయతీ అధికారికి ఇచ్చి రసీదు తీసుకోండి. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలోనూ ఇవ్వవచ్చు. తెలంగాణ పాఠకులైతే ప్రజావాణిలో ఇవ్వాలి. "గ్రామసభ సరిగా జరగలేదు" అని మాత్రమే రాస్తే ఆ కాగితం ఫైల్లోనే ఉండిపోతుంది. "ఫలానా తేదీ సభకు చాటింపు వేయలేదు, నోటీసు ఫలానా తేదీన నమోదైంది, హాజరు పట్టీలో ఫలానా వరుస సంఖ్యల దగ్గర లోపాలున్నాయి, కాబట్టి జాబితా ఆపి మళ్ళీ సభ పెట్టించండి" అని రాయండి. ఏం చేయమంటున్నారో చెప్పని ఫిర్యాదుకు జవాబు రాదు.

ప్రశ్న: నేను వార్డు సభ్యురాలిని. నోటీసు "మూడు పూర్తి రోజుల ముందు" ఇవ్వాలని ఉంటే రోజులు ఎలా లెక్కించాలి? నాకు 3వ తేదీ సాయంత్రం ఇచ్చి 6న సమావేశం పెట్టారు.
ఒక పాఠకురాలు, నల్లగొండ జిల్లా

జవాబు: "పూర్తి రోజులు" అన్నప్పుడు నోటీసు అందిన రోజునూ, సమావేశం జరిగే రోజునూ రెండిటినీ వదిలేసి మధ్య రోజులు మాత్రమే లెక్కపెట్టాలి. మీకు 3న అందింది కాబట్టి 4, 5, 6 తేదీలు మూడు పూర్తి రోజులు. సమావేశం 7న గానీ ఆ తర్వాత గానీ పెట్టాలి. 6న పెడితే చేతికొచ్చేవి రెండే రోజులు. 3న పొద్దున్నే ఇచ్చాం కదా అన్నా లెక్క మారదు.

ఈ లెక్క ఎక్కువగా తప్పేది అవిశ్వాస తీర్మానాల్లో. ఉప సర్పంచ్, మండల పరిషత్ అధ్యక్షుల వంటి పరోక్షంగా ఎన్నికైనవారిపై అవిశ్వాసం పెట్టినప్పుడు సభ్యులకు 15 పూర్తి రోజుల నోటీసు ఉండాలి. 1వ తేదీన నోటీసు అందితే 2 నుంచి 16 దాకా పదిహేను రోజులు, సమావేశం 17కు ముందు కుదరదు. ఒక్క రోజు తగ్గిందని హైకోర్టు దాకా వెళ్ళిన కేసులు చాలా ఉన్నాయి. అందుకే ఆ నోటీసు తీసుకునేటప్పుడు సంతకం కింద తేదీ, సమయం మీ చేత్తో మీరే వేయండి. తేదీ ఖాళీగా వదిలి సంతకం పెట్టమంటే పెట్టవద్దు. ఇంట్లో లేనప్పుడు తలుపుకు అంటించి వెళ్తే ఫొటో తీసి, ఇద్దరు ఇరుగుపొరుగువారి సంతకాలతో ఎప్పుడు చూశారో రాసి పెట్టుకోండి.

మీరు చేసే ఇంకో పొరపాటు ఉంటుంది, దాన్నీ చెప్పాలి. నోటీసు చాలలేదని తెలిసీ సమావేశానికి వెళ్ళి, మాట్లాడి, ఓటు వేసి, ఓడిపోయాక నోటీసు చెల్లదంటే ఆ వాదన నిలవడం కష్టం. నోటీసు ఉద్దేశం మీకు తెలియజేయడం, మీరు తెలుసుకుని వచ్చారు, నష్టమేముందని అడుగుతారు. వెళ్ళదలచుకుంటే సమావేశం మొదలవగానే లిఖితపూర్వకంగా అభ్యంతరం ఇచ్చి, దాన్ని మినిట్స్‌లో రాయమని అడిగి, హాజరు పుస్తకంలో సంతకం పక్కన "నోటీసు గడువుపై అభ్యంతరంతో" అని రాయండి.

ప్రశ్న: ఎజెండాలో చివర "అధ్యక్షుల అనుమతితో ఇతర విషయాలు" అని పెట్టి, దాని కింద ఇంటిపన్ను పెంచే తీర్మానం చేశారు. ఇది పద్ధతేనా?
ఒక పాఠకుడు, అనంతపురం జిల్లా

జవాబు: కాదు. ఆ వాక్యం ఉన్నది సంతాప తీర్మానాలకూ, అభినందనలకూ, అప్పటికప్పుడు తలెత్తిన చిన్న సంగతులకూ. జనం జేబు మీద పడే నిర్ణయాన్ని దాని కింద దాచకూడదు. ఆంధ్రప్రదేశ్ చట్టం ఆరో సెక్షన్ ప్రకారం కొత్త పన్నుల ప్రతిపాదనలు, ఉన్న పన్నుల పెంపు గ్రామసభ ముందు పెట్టాల్సిన అంశాలు. వార్షిక లెక్కలు, ఆడిట్ నివేదిక, గత ఏడాది పాలనా నివేదిక, ఆ ఏడాది పనుల ప్రణాళిక కూడా ఆ జాబితాలోనే ఉన్నాయి.

ఎజెండాలో అంశం రాసే తీరును బట్టే చూసినవాడికి విషయం అర్థమవుతుందా లేదా అన్నది తేలుతుంది. "పన్నుల విషయం" అని రాస్తే ఏమీ చెప్పనట్టే. "వచ్చే ఆర్థిక సంవత్సరం నుంచి ఇంటిపన్నును ఇంత శాతం పెంచే ప్రతిపాదనపై చర్చ, తీర్మానం" అని ఉండాలి. అలాగే "భూమి కేటాయింపు" అంటే చాలదు, సర్వే నంబరు, విస్తీర్ణం, ఎవరికి, దేనికి అన్నవి ఉండాలి. చదివినవాడు ఇది నాకు సంబంధించినదా కాదా అని ఆ వాక్యంతోనే తేల్చుకోగలగాలి. అంతకన్నా తక్కువ రాసిన ఎజెండా మీద మేం గట్టిగానే అభ్యంతరం చెప్పమంటాం.

పాలకవర్గ తీర్మానం చట్టానికి విరుద్ధంగా ఉంటే దాన్ని నిలిపివేసే, రద్దు చేసే అధికారం ప్రభుత్వానికి ఉంది. తీర్మానం నంబరు, తేదీ, ఎజెండా నకలు జతచేసి జిల్లా పంచాయతీ అధికారి ద్వారా అర్జీ పెట్టండి. పన్ను డిమాండ్ నోటీసులు ఇళ్ళకు చేరకముందే కదలాలి. వసూలు మొదలయ్యాక ఆపించడం చాలా కష్టమవుతుంది.

ప్రశ్న: నోటీసు ఊరి వాట్సాప్ గ్రూపులో మాత్రమే పెడుతున్నారు. అది చాలా?
ఒక పాఠకుడు, ఖమ్మం జిల్లా

జవాబు: చాలదు. గ్రూపు అదనపు సౌకర్యం మాత్రమే. ఫోను లేనివాళ్ళు, గ్రూపులో చేర్చనివాళ్ళు కూడా సభ్యులే. అయితే ఆ సందేశం మీకు సాక్ష్యంగా పనికొస్తుంది. ఎన్నింటికి పెట్టారో సమయంతో సహా కనపడేలా స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకోండి. బోర్డు ఫొటోలు తీసేటప్పుడు కూడా ఒక జాగ్రత్త: వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటోలో తీసిన తేదీ, చోటు వివరాలు చెరిగిపోతాయి. అసలు ఫొటోను ఫోన్లోనే ఉంచి, అవసరమైతే డాక్యుమెంటుగా పంపండి.

ప్రశ్న: మా ఊరి పక్కన ఫ్యాక్టరీకి ప్రజాభిప్రాయ సేకరణ అంటున్నారు. పేపర్లో ప్రకటన వచ్చిన ఇరవై రోజులకే సభ. కోరం లేకపోతే సభ ఆగుతుందా? తేదీ మార్చమని అడగవచ్చా?
ఒక రైతు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: ఇది పంచాయతీ సభ కాదు, పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ 2006 కింద కాలుష్య నియంత్రణ మండలి నిర్వహించేది. నియమాలు వేరు, కాస్త కఠినం. అందుకే దీన్ని వివరంగా రాస్తున్నాం.

ప్రకటన ఒక ప్రధాన జాతీయ దినపత్రికలోనూ, ఒక ప్రాంతీయ భాషా దినపత్రికలోనూ రావాలి. జనం స్పందించడానికి కనీసం 30 రోజుల గడువు ఇవ్వాలి. ఇరవై రోజులే ఇచ్చారంటే అదే మీ మొదటి అభ్యంతరం. ప్రకటన వచ్చిన పేపరు మొత్తం దాచండి, కత్తిరించిన ముక్క కాదు. తేదీ, ఎడిషన్ పేజీ పైభాగంలో ఉంటాయి. ఒక్కోసారి ప్రకటన మీ జిల్లాలో అమ్మని ఎడిషన్‌లో వస్తుంది, ఆ సంగతి పేజీ చూస్తేనే బయటపడుతుంది. పత్రికలు చేరని చోట్ల దండోరా, రేడియో, టీవీ ద్వారా తెలియజేయాలని నోటిఫికేషనే చెబుతోంది.

పర్యావరణ ప్రభావ అంచనా ముసాయిదా నివేదిక ఎక్కడ చూడవచ్చో ప్రకటనలోనే ఉండాలి. కలెక్టర్ కార్యాలయం, జిల్లా పరిషత్ లేదా మున్సిపల్ కార్పొరేషన్, జిల్లా పరిశ్రమల కేంద్రం వంటి చోట్ల దాన్ని అందుబాటులో ఉంచాలి. సారాంశం తెలుగులో ఉండాలి. అక్కడికి వెళ్ళి నివేదిక లేదంటే, ఆ రోజే, ఆ కార్యాలయంలోనే "ఫలానా సమయానికి వచ్చాను, నివేదిక అందుబాటులో లేదు" అని రాసిచ్చి ముద్ర వేయించుకోండి. తర్వాత నోటిమాటగా చెబితే ఎవరూ ఒప్పుకోరు.

కోరం సంగతి చాలామంది పొరబడేది. ఈ సభకు కోరం లేదు. పదిమందే వచ్చినా సభ జరిగినట్టే. అందరం బహిష్కరిస్తే ఆగిపోతుందని ఊళ్ళో ఎవరైనా అంటే నమ్మవద్దు. మీ మాట రికార్డులోకి ఎక్కకుండా పోవడం తప్ప ప్రయోజనం లేదు. వెళ్ళండి, మాట్లాడండి, మాట్లాడినది కాగితం మీద కూడా ఇవ్వండి. రాలేనివాళ్ళు గడువులోపు రాతపూర్వకంగా పంపవచ్చు.

తేదీ, సమయం, చోటు ఇష్టం వచ్చినట్టు మార్చకూడదు. అనుకోని అత్యవసర పరిస్థితి వస్తేనే, కలెక్టర్ సిఫారసు మీదే వాయిదా వేయాలి. ఆ వాయిదాను మళ్ళీ అవే పత్రికల్లో ప్రకటించి, ఆ కార్యాలయాల్లో ప్రదర్శించాలి. సభ ప్రాజెక్టు స్థలంలో గానీ దానికి బాగా దగ్గరలో గానీ జరగాలి. కలెక్టర్ లేదా అదనపు కలెక్టర్ స్థాయికి తగ్గని అధికారి అధ్యక్షత వహించాలి. మొత్తం వీడియో తీయాలి. అన్నిటికంటే ముఖ్యమైనది చివర్లో ఉంది: సభలో వచ్చిన అభిప్రాయాల సారాంశాన్ని అక్కడే, అందరి ముందు, స్థానిక భాషలో చదివి వినిపించాలి. దాని మీద కలెక్టర్ గానీ ఆయన ప్రతినిధి గానీ అదే రోజు సంతకం చేయాలి. జనం ఎండకు తాళలేక వెళ్ళిపోయాక ఈ చదవడం జరిగితే ఏం రాశారో ఎవరికీ తెలియదు. కనీసం ఇరవై మంది చివరిదాకా కూర్చోండి. మీ అభ్యంతరం అందులో లేకపోతే అక్కడే లేచి చేర్చమనండి. తర్వాత ఆ ప్రొసీడింగ్స్ పంచాయతీ కార్యాలయంలో ప్రదర్శించాలి కాబట్టి సరిపోల్చి చూసుకోవచ్చు.

ప్రశ్న: భూసేకరణ ప్రాథమిక నోటిఫికేషన్ వచ్చిందని తహసీల్దారు కార్యాలయంలో చూశాం. ఊళ్ళో ఎవరికీ చెప్పలేదు. ఎలా చెప్పాలి?
ఒక పాఠకుడు, ప్రకాశం జిల్లా

జవాబు: 2013 భూసేకరణ చట్టం 11వ సెక్షన్ కింద ప్రాథమిక నోటిఫికేషన్ గెజిట్‌లో, ఆ ప్రాంతంలో చెలామణిలో ఉన్న రెండు దినపత్రికల్లో, వాటిలో ఒకటి ప్రాంతీయ భాషలో రావాలి. తెలుగులో పంచాయతీ, తహసీల్దారు, ఆర్డీవో, కలెక్టర్ కార్యాలయాల్లో పెట్టాలి. ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఉంచాలి, ప్రభావిత ప్రాంతంలో ప్రచురించాలి. వీటిలో ఒకటి చేసి మిగతావి వదిలేయడం కుదరదు. అదే సెక్షన్‌లో ఇంకో నియమం ఉంది, దాన్ని చాలామంది గమనించరు: నోటిఫికేషన్ వెలువడిన వెంటనే, అందుకోసమే ప్రత్యేకంగా పిలిచిన సమావేశంలో గ్రామసభకు దాని విషయం తెలియజేయాలి. వేరే పని మీద జరిగిన సభలో ఒక్క మాట అని వదిలేస్తే ఈ నియమం పాటించినట్టు కాదు.

కానీ మీ గడియారం ఆగదు. 15వ సెక్షన్ కింద అభ్యంతరాలకు గడువు ప్రచురణ నుంచి 60 రోజులు. గ్రామసభ పెట్టలేదు కదా అని ఎదురుచూస్తూ కూర్చోకండి. ముందు మీ అభ్యంతరం సర్వే నంబరు, విస్తీర్ణం, కారణాలతో కలెక్టరుకు రాతలో ఇచ్చేయండి, స్వయంగా వినిపించే అవకాశం కోరండి. గ్రామసభ జరగలేదన్నది అందులోనే ఒక అంశంగా రాయండి.

ప్రశ్న: మాది ఏజెన్సీ గూడెం. పోడు భూముల క్లెయిముల మీద సభ పంచాయతీ కేంద్రంలో పెట్టారు. నలభై మంది వచ్చారు.
ఒక పాఠకుడు, అల్లూరి సీతారామరాజు జిల్లా

జవాబు: అటవీ హక్కుల చట్టం 2006 కింద షెడ్యూల్డ్ ప్రాంతాల్లో గ్రామసభ అంటే మీ గూడెం సభ, పంచాయతీ మొత్తానికి కలిపి పెట్టేది కాదు. కోరం మొత్తం సభ్యుల్లో సగానికి తగ్గకూడదు. వచ్చినవారిలో కనీసం మూడో వంతు మహిళలు ఉండాలి. క్లెయిముల మీద తీర్మానం చేస్తుంటే, క్లెయిము పెట్టినవారిలో లేదా వారి ప్రతినిధుల్లో కనీసం సగం మంది ఉండాలి. ఈ మూడు లెక్కలూ హాజరు పట్టీలో విడివిడిగా తేలాలి. మీ క్లెయిము తిరస్కరిస్తూ తీర్మానం చేసి ఉంటే 60 రోజుల్లో సబ్ డివిజన్ స్థాయి కమిటీకి అర్జీ పెట్టవచ్చు. కోరం లోపాన్ని మొదటి కారణంగా రాయండి.

ప్రశ్న: మున్సిపల్ కౌన్సిల్ సమావేశం ఎజెండా, మినిట్స్ మామూలు పౌరుడికి ఇస్తారా?
ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: ఇవ్వాలి. సమాచార హక్కు చట్టం 4వ సెక్షన్ ప్రకారం ప్రతి ప్రభుత్వ సంస్థా తన కౌన్సిళ్ళు, కమిటీల సమావేశాలు ప్రజలకు తెరిచి ఉంటాయా, వాటి మినిట్స్ ప్రజలు చూడవచ్చా అన్నది అడగకుండానే ప్రచురించాలి. అది దొరక్కపోతే దరఖాస్తు పెట్టండి. గ్రామ స్థాయి కార్యాలయాలకు రుసుము లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, మిగతావాటికి 10. నకలు పేజీకి 2 రూపాయలు. రికార్డు స్వయంగా చూస్తామంటే మొదటి గంట ఉచితం. పేజీలు ఎన్నో తెలియనప్పుడు ముందు చూసి, కావలసినవి గుర్తుపెట్టి నకళ్ళు అడగడం చవక, త్వరగానూ అవుతుంది. 30 రోజుల్లో జవాబు రాకపోతే తర్వాతి 30 రోజుల్లో మొదటి అప్పీలు వేయండి.

ప్రశ్న: కొత్తగా పంచాయతీ కార్యదర్శిగా చేరాను. నోటీసు తప్పులు లేకుండా రాయడం ఎలాగో చెప్పండి.
ఒక పాఠకుడు, మహబూబ్‌నగర్ జిల్లా

జవాబు: ఇలాంటి ఉత్తరం రావడం మాకు సంతోషం. నమూనా ఇది:

"ఫలానా గ్రామ పంచాయతీ ఓటర్లందరికీ తెలియజేయడమేమంటే, ఫలానా తేదీ, ఫలానా వారం, ఉదయం 8 గంటలకు, మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల ఆవరణలో గ్రామసభ జరుగుతుంది. చర్చించే అంశాలు: 1. ... 2. ... ఈ అంశాల కాగితాలు ఫలానా తేదీ నుంచి పని వేళల్లో పంచాయతీ కార్యాలయంలో చూడవచ్చు."

కింద నోటీసు నంబరు, తేదీ, సంతకం, ముద్ర. తేదీతోపాటు వారం పేరు తప్పక రాయండి. రెండూ పొసగకపోతే అచ్చు తప్పు అప్పుడే పట్టుబడుతుంది. చోటు "పంచాయతీ పరిధిలో" అని వదలకండి. అంటించిన ప్రతి చోటా, అంటే పంచాయతీ కార్యాలయం, బడి, అంగన్‌వాడీ, రేషన్ దుకాణం, బస్టాపు, ప్రతి కాలనీలో ఒక చోట, ఫొటో తీసి ఫైల్లో పెట్టండి. వర్షాకాలంలో కాగితాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి అంటించాలి, లేకపోతే మర్నాటికి గోడ మీద జిగురే మిగులుతుంది.

చోటు గానీ సమయం గానీ మారితే పాత నోటీసు మీద పెన్నుతో దిద్దవద్దు. పాతది రద్దయిందని రాసి కొత్త నోటీసు ఇచ్చి, గడువు మొదటినుంచి లెక్కపెట్టండి, చాటింపు మళ్ళీ వేయించండి. కోరం లేక వాయిదా పడితే ఎంతమంది వచ్చారో అంకెలో రాసి, వచ్చినవారి చేత సంతకం చేయించి మినిట్స్ ముగించండి. వాయిదా సభలో పాత ఎజెండాలో మిగిలినవే చేపట్టాలి.

మినిట్స్ అక్కడికక్కడే రాసి, చివరి తీర్మానం కింద గీత కొట్టి, అధ్యక్షుల సంతకం గీతకు ఆనుకుని తీసుకోండి. ఖాళీ పేజీ వదిలి ముందే సంతకాలు చేయించమని ఎవరు ఒత్తిడి చేసినా ఒప్పుకోకండి. రేపు విచారణ వస్తే ఆ పుస్తకం ఎవరి అధీనంలో ఉందో వారినే అడుగుతారు.